సాయమ్మ బర్రె కేసు

సూర్యాపేట కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మిర్యాలగూడ నుంచి ఒక మండల పశువైద్యశాలకు బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. జరిగిన తప్పు నాది, ఊరిది కాదు. మిర్యాలగూడ నుంచి కోదాడ వచ్చే దారిలో ఉంటుందని చెబితే చాలు. నా హోదా పశువైద్యాధికారి. అంటే మండలం మొత్తానికి డాక్టరును నేనొక్కదాన్నే. నాకు సాయంగా ఉండాల్సిన పశువైద్య సహాయకుడి పోస్టు ఖాళీ. ఉన్నది వెంకన్న అనే అటెండరు ఒక్కడే. కోదాడలో కిరాయికి ఉండి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని.

అప్పటికి నా సర్వీసు ఇరవై రెండేళ్లు. పట్టుకుంటే వదలదు అని డిపార్ట్‌మెంటులో నాకొక పేరుండేది. అది మెప్పనే అనుకున్నాను.

ఆగస్టులో ఒక ఉదయం ఎనిమిదింటికి సాయమ్మ ఫోన్ చేసింది. గొర్రెలు కాసే కుటుంబం. భర్త మందతో బయట ఊళ్లకు పోయి ఉన్నాడు. ఇంటి దగ్గర రెండు బర్రెలను ఆమే చూసుకుంటుంది. "మేడం, బర్రె నొప్పులు తీస్తంది, ఈనుతలేదు. జర తొందరగ రాండ్రి" అన్నది.

పోయి చెయ్యి పెట్టి చూశాను. గర్భసంచి మెలిక పడింది. బర్రెల్లో ఇది తరచుగా వచ్చే కష్టమే. సంచి మెలి తిరిగితే దారి మూసుకుపోయి దూడ బయటికి రాలేదు. బర్రెను పక్కకు పడుకోబెట్టి, పొట్ట మీద చెక్క పలక వేసి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టి, మెలిక ఎటు తిరిగిందో అటే బర్రెను దొర్లించాలి. రెండోసారి దొర్లించేసరికి మెలిక విడిపోయింది. అంతవరకు నేను చేసింది సరిగ్గానే ఉంది.

మళ్లీ చెయ్యి పెట్టాను. గర్భసంచి మూతి నా చెయ్యి ఇరుగ్గా దూరేంత మేరకే తెరుచుకుంది. దూడ డెక్కల మధ్య గట్టిగా గిల్లాను, కాలు వెనక్కి తీసుకోలేదు. నోట్లో వేలు పెట్టాను, చప్పరించలేదు. దూడ అప్పటికే చచ్చిపోయింది. ఇక కాపాడవలసింది తల్లిని మాత్రమే. ఇలాంటప్పుడు చేయవలసింది ప్రతి డాక్టరుకూ తెలుసు. మందులు ఇవ్వాలి, సెలైన్ ఎక్కించాలి, మూతి దానంతటది వదులయ్యేదాకా కొన్ని గంటలు ఆగాలి. వదులు కాకపోతే ఆపరేషన్ చేయాలి. గుంజాల్సి వస్తే ఇద్దరు మనుషుల బలం దాటకూడదు, అదీ పశువు ముక్కినప్పుడే. అది ఆగితే మనమూ ఆగాలి.

నాకు పదకొండింటికి సూర్యాపేటలో సమీక్షా సమావేశం ఉంది. టీకాల ప్రగతి మీద. ఆలస్యంగా పోతే అందరి ముందు నిలబెడతారు.

దూడ కాళ్లకు తాళ్లు కట్టి, చుట్టుపక్కల మగవాళ్లను నలుగురిని పిలిచాను. సాయమ్మ అడ్డం వచ్చింది. "జర ఆగుండ్రి మేడం. అది ముక్కుతలేదు. అది ముక్కకుండ మనం గుంజుతే ఎట్ల?"

"డాక్టరు నువ్వా, నేనా?" అన్నాను.

నలుగురూ గుంజారు. లోపల మూతి చీలింది. దూడ వచ్చింది, దాని వెంట నెత్తురు వచ్చింది. చేతికి అందినంత మేర గుడ్డలు కుక్కి, నెత్తురు ఆగే ఇంజెక్షన్లు ఇచ్చి, వెంకన్నను అక్కడ కూర్చోబెట్టి నేను సూర్యాపేట బస్సెక్కాను. అవును, ఎక్కాను. సమావేశంలో నా వంతు రెండు నిమిషాల్లో అయిపోయింది. ఒంటిగంటకు వెంకన్న ఫోన్ చేశాడు. "మేడం, ఖతమైంది" అన్నాడు.

మర్నాడు కేసు రిజిస్టరులో "ఆలస్యంగా సమాచారం ఇచ్చారు. గర్భసంచి అప్పటికే దెబ్బతిని ఉంది" అని రాశాను.

వారం తర్వాత సాయమ్మ ఆస్పత్రికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. "లేటుగ చెప్పిన్నని రాసినవంట. ముందటి రోజు పొద్దుగూకంగనే రెండుసార్లు ఫోన్ చేసిన. నువ్వు ఎత్తలే. బర్రెను సంపింది సాలక నా మీద రాస్తవా?" అంది. అంతకుముందు మీరనే మనిషి నన్ను నువ్వనడం నాకు మొదట వినిపించింది. ఆ తర్వాతే అర్థం వినిపించింది.

ఆమె పోయాక వెంకన్న మీద విరుచుకుపడ్డాను, బయట చెప్పింది నువ్వేనా అని. అతను తల దించుకోలేదు. "నేనే చెప్పిన మేడం" అన్నాడు. అప్పుడు ఫోన్ తీసి చూశాను. బర్రె చచ్చిన ముందు రోజు సాయంత్రం ఏడింటికి కొత్త నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్. మర్నాడు ఉదయం కాల్ వచ్చిందీ ఆ నంబరు నుంచే.

ప్రభుత్వ రిజిస్టరులో రాసింది చెరపకూడదు. తప్పైన చోట ఒకే గీత కొట్టి, కింద సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. అలాగే చేశాను. మూతి తెరవకముందే హద్దు మించిన బలంతో గుంజించానని, తప్పు నాదేనని రాసి, నకలు పై అధికారికి పంపాను. ఆయన సూర్యాపేటకు పిలిపించాడు. "ఎవరూ అడగలేదు కదమ్మా, నీ అంతట నువ్వు ఎందుకు రాసిచ్చావు? ఆ కాగితం వెనక్కి తీసుకో, అందరం ప్రశాంతంగా ఉందాం" అన్నాడు నవ్వుతూ. ఒక మనిషి పశువు పోయింది, ఆమె మీదికి నింద కూడా వచ్చింది. ఈయనకు కావలసింది ప్రశాంతత! తీసుకోనన్నాను. హెచ్చరిక మెమో ఇచ్చి సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. ఆ మెమో మీద నాకు కోపం లేదు. ఆయన నవ్వు ముఖం మీద మాత్రం కోపం ఇప్పటికీ ఉంది.

తర్వాత నేను చేసినది ఇంకో తెలివితక్కువ పని. సాయమ్మ ఇంటికి పోవడం మొదలుపెట్టాను. ఇంటి దగ్గర ఉంచిన గొర్రెపిల్లలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించాను, టీకాలు వేశాను, రెండో బర్రెను చూశాను. నాలుగుసార్లు పోయినా ఆమె పలకలేదు. పని అయ్యేదాకా నిలబడి చూసి లోపలికి పోయేది. తిరుగు బస్సులో నాకు ఒళ్లు మండిపోయేది. తప్పు ఒప్పుకున్నాను, శిక్ష పడింది, ఇంకా ఏం కావాలి ఈమెకు అని.

ఐదోసారి ఆమే మాట్లాడింది. "ఒప్పుకున్నవని వెంకన్న చెప్పిండు. మంచిదే. ఇగ మా ఇంటికి రాకు."

"నా తప్పు దిద్దుకోవాలని వస్తున్నానమ్మా" అన్నాను.

"దిద్దుకో. నీ దవాఖానల దిద్దుకో. నేను పోనీలే అంటె నీ పానం నిమ్మలమైతది, గందుకే వస్తున్నవ్. నా కోపం నాకుండనీ. దాన్ని గూడ గుంజకు."

సంచీ సర్దుకుని వచ్చేశాను. ఆమె మీద మండిపడుతూ కొన్ని నెలలు గడిపాను. ఆ కోపంలో పస లేదని తెలియడానికి అంతకాలం పట్టింది.

ఆస్పత్రిలో చేయగలిగింది చేశాను. నా ఫోన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను, సాయంత్రం కాల్స్ ఎత్తాను. ఈనే కేసుల్లో ఆగడం మొదలుపెట్టిన సమయం, మళ్లీ చెయ్యి పెట్టిన సమయం చీటీ మీద రాయడం నేర్చుకున్నాను. ఆ చీటీ చూపించి రెండు సమావేశాలకు ఆలస్యంగా పోయాను, అందరి ముందు నిలబడ్డాను. మరుసటి ఏడాది ఒక రైతు బర్రె దగ్గర నాలుగు గంటలు కూర్చున్నాను. మూతి వదులైంది, గుంజడానికి ఇద్దరు మనుషులే సరిపోయారు, తల్లి బతికింది. ఇంకొకచోట అంతే ఓపిగ్గా కూర్చున్నా తెరుచుకోలేదు. ఆపరేషన్ చేసినా దక్కలేదు. రెండింటినీ జరిగింది జరిగినట్టే రాశాను.

సాయమ్మ రెండో బర్రె ఈనినప్పుడు పక్క మండలం డాక్టరును పిలిపించుకుంది. నేను పోలేదు, కబురు కూడా చేయలేదు. ఆమె నన్ను క్షమించిందని ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. చేతిలో ఉన్న పని పూర్తిగా చేయాలి, నిజం పూర్తిగా రాయాలి. ఆ తర్వాత పశువు తీసుకునే సమయం పశువుది, మనిషి కోపం మనిషిది. వాటి మీద బలం చూపిస్తే అది కష్టపడటం కాదు, దౌర్జన్యం. ఇక నా మీద నాకున్న కోపం సంగతి. దాన్ని పోగొట్టుకోవాలని కొన్నాళ్లు ప్రయత్నించి మానేశాను. రిటైరయ్యేదాకా అది నాతోనే ఉంది, పనికి అడ్డం రాలేదు.