ఏ వైపో చూపించమ్మా

కోవిడ్ వార్డులు మూసేసిన ఏడాది మదీనాగూడలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌గా చేరాను. థియేటర్‌లో సర్జన్‌దే పెద్ద మాట, కానీ చెక్‌లిస్టు కాగితం నా చేతిలో ఉండేది. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగిని బయటికి పంపేముందు అందరూ పనులాపాలి. పేరూ, ఆపరేషనూ, వైపూ పైకి చదివి సరిచూసుకున్నాకే టిక్కు పెట్టాలి. నేనేమో పని తెములుతుందని వార్డు కాగితం చూసి ముందే టిక్కులు కొట్టేసేదాన్ని. ఇన్నేళ్ల సర్వీసు, నాకు తెలియనిదేముందన్న పొగరు!

ఆ రోజు మొదటి కేసు యాదమ్మ. ఉండేది చందానగర్‌లో, హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. ఒక కిడ్నీ పూర్తిగా చెడిపోయింది, తీసేయాలి. ఇకమీదట ఆవిడ బతకాల్సింది బాగున్న ఆ రెండోదాని మీదే.

"యాదమ్మా, ఎడమవైపే కదా?" అని అడిగాను. "ఆఁ మేడం" అంది. కోత ముందు పెట్టాల్సిన టిక్కు కూడా అప్పుడే కొట్టేశాను.

మత్తు డాక్టరు గారు నిదానస్తులు. నా కాగితం వైపు చూడకుండా, "ఏ వైపు ఆపరేషనో చేయి పెట్టి చూపించమ్మా" అన్నారు. యాదమ్మ కుడి పక్క మీద చేయి వేసింది.

సర్జన్ గారు అప్పటికే మాస్కు కట్టుకుని నిలబడ్డారు. సిస్టర్ అడిగారు కదా, ఇంకా ఆలస్యమెందుకని విసుక్కున్నారు. మత్తు డాక్టరు గారు సిరంజి ట్రేలో పెట్టేసి స్కాన్ ఫిల్ము తెప్పించారు. చెడిపోయింది కుడిదే. వార్డులో ఎవరో ఎడమ అని రాశారు, ఒంటి మీద పెన్నుతో గుర్తు పెట్టడం మానేశారు, నేను కళ్లు మూసుకుని చెక్‌లిస్టులో ఎక్కించాను. సర్జన్ గారు వెళ్లి పెన్ను తెచ్చి కుడి పక్క మీద గుర్తు పెట్టారు.

"మరి నేనడిగితే ఆఁ అన్నావేంటమ్మా?" అన్నాను. తప్పు నాదీ, కోపం ఆవిడ మీదా.

"నాకేం ఎరుక మేడం? నొప్పైతే గీడనే. మీరు సదువుకున్నోళ్లు, ఎడమ దిక్కు నుంచి తీస్తరేమో అనుకున్న. దవాఖానల మీకు ఎదురు చెప్తనా?"

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. నా తప్పుతో సహా అంతా రిపోర్టు రాసి మేట్రన్ గారికిచ్చాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, "ఆఁ" అంటే సరిపోయే ప్రశ్న ఏ రోగినీ అడగలేదు, నా కింద పనిచేసినవాళ్లను అడగనివ్వలేదు.

మొన్నామధ్య హఫీజ్‌పేట్‌లో నాకు కంటి శుక్లం తీశారు. టేబుల్ మీద పడుకోగానే సిస్టర్ కాగితం చూస్తూ, "ఎడమ కన్నే కదా ఆంటీ?" అంది. "ఆఁ" అన్నాను. అన్నాక యాదమ్మ గుర్తొచ్చింది. ఎడమ కన్నే, నిజమే. కానీ ఆ ఆస్పత్రి గౌను తొడుక్కుని పడుకున్నాక, ఆమె కుడి అన్నా నేను ఆఁ అనేదాన్నే.

"అలా కాదు తల్లీ, ఏ కన్నో నన్ను చెప్పమను" అన్నాను. ఆమె కాగితం పక్కన పెట్టి మళ్లీ అడిగింది. నేను ఎడమ కంటి మీద వేలు పెట్టి చూపించాను.