చివరి రెండు గడులు

తరాజ్ బజారులో నా ఫోన్ల కొట్టుకీ ఉల్మెకెన్ అక్క కంప్యూటర్ల కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. పదహారేళ్ళుగా ఆ గోడ అవతలి నుంచి ఆవిడ తిట్లు వింటున్నాను. ఎక్కువ భాగం కంప్యూటర్లకే, నా వంతు నాకూ ఉంటుంది. నేను పగిలిన అద్దం మార్చి చేతులు దులుపుకునే రకం. ఆవిడ అలా కాదు. లోపల ఏముందో, ఎవరు ఎందుకలా పెట్టారో తేలేదాకా ఏ వస్తువునీ వదలదు. పాతికేళ్ళు నిండకముందే ఫాస్ఫరస్ ఫ్యాక్టరీ లెక్కల గదిలో పెద్ద యంత్రాలు నడిపిందట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇదే బజారులో పొద్దుతిరుగుడు గింజలమ్మింది. పొట్లాల కోసం తెచ్చిన చిత్తు కాగితాల మీద యంత్రపు అంకెలు కనబడితే బేరం మానేసి అవి చదువుతూ కూర్చునేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో తొగ్జాన్ అనే నర్సు వచ్చి, ఓ పాత ఫ్లాపీ డిస్కు తీసి ఆవిడ బల్ల మీద పెట్టింది.

"అక్కా, దీన్లో నా పెళ్ళుంది," అంది.

ఆ పిల్లకి అల్దియార్ అనే లారీ డ్రైవరు మీద మనసు. ఇద్దరిదీ ఒకే తెగ. మా వాళ్ళలో ఏడుగురు తండ్రుల లోపు, అంటే ఏడు తరాల్లో, మూలపురుషుడు ఒక్కడే అయితే వాళ్ళు అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క, పెళ్ళి మాటే ఎత్తకూడదు. ఈ ఇద్దరి వంశాలూ బోత్‌బాయ్ అనే ఆయన దగ్గర కలుస్తాయి. పిల్ల వైపు నుంచి ఆయన ఎనిమిదోవాడు, పిల్లాడి వైపు నుంచి ఏడోవాడు. ఒక్క మెట్టు తక్కువైంది. పిల్లాడి తాత కొజబెక్‌కి ఎనభై ఒకటి. వేళ్ళ మీద లెక్కపెట్టి, కుదరదనేశాడు. ఊళ్ళో మంచు పడేలోపు తేలకపోతే ఇంకో సంబంధం ఖాయం చేస్తామని పిల్ల తల్లిదండ్రులు చెప్పేశారు.

ఆ డిస్కు బేయిసెన్ మాస్టారిది. పిల్లలకు చరిత్ర చెప్పేవాడు. తొంభైల్లో గుర్రమెక్కి ఊరూరా తిరిగి, ముసలివాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని పదకొండు వేల పేర్లు పోగేశాడు. ఎవరి తండ్రి ఎవరో బడి కంప్యూటర్లో, తనే రాసుకున్న ప్రోగ్రాములోకి ఎక్కించాడు. తర్వాత ఆయన పోయాడు. నోటుపుస్తకాలు వరదలో పోయాయి, ప్రోగ్రాము ఆ కంప్యూటర్‌తోనే పాత సామాన్లవాడికి పోయింది. మిగిలింది ఆయన భార్య టీ డబ్బాలో దాచిన ఈ డిస్కు.

"తాత లెక్కలో ఎక్కడైనా ఒక పేరు జారిపోయిందేమో చూడక్కా."

"ఉంటే ఉందంటా, లేకపోతే లేదంటా. ఏడవకూడదు మరి."

"ఇంజక్షన్లు వేసేదాన్ని. ఏడిపించడమేగానీ ఏడవడం రాదు నాకు."

అక్కకి ఆ పిల్ల నచ్చింది. నాకైతే ఆ పని బొత్తిగా నచ్చలేదు. డిస్కులో ఉన్నది ఒకటే ఫైలు, తెరిస్తే తలా తోకా లేని అంకెల గుంపు. ఏ గడిలో ఏం పెట్టాడో చెప్పాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు.

అక్క ఆ అంకెలన్నీ అచ్చుతీసి కొట్టు నేల మీద పరిచింది. వరస పొడవు తగ్గిస్తూ, పెంచుతూ మళ్ళీ మళ్ళీ అచ్చుతీసింది. నలభై ఎనిమిది దగ్గర, మగ్గం మీద పోగులు సర్దుకున్నట్టు నిలువు వరసలన్నీ తిన్నగా నిలబడ్డాయి. అంటే మనిషికి నలభై ఎనిమిది గడులు. మా భాషకే సొంతమైన తొమ్మిది అక్షరాలు ఆనాటి యంత్రాల్లో లేవు. వాటి బదులు మాస్టారు ఏవేవో గుర్తులు వాడాడు. తొగ్జాన్ చేత తెలిసిన కుటుంబాల పేర్లు రాయించి, ఒక్కొక్కటే ఆ గుర్తుల మీద పెట్టి చూసి, ఆ తొమ్మిదీ పట్టేసింది. పేరు తర్వాతి అంకెలు వారం రోజులు సతాయించాయి. చివరికి, అవి తిరగేసి రాసిన తండ్రి వరస సంఖ్య అని తేలింది. ఇక వేలు పెట్టి కొడుకు నుంచి తండ్రికి, తండ్రి నుంచి తాతకి ఎక్కుతూ పోవడమే. అల్దియార్ నుంచి ఎక్కింది. ఏడో మెట్టు మీద బోత్‌బాయే ఉన్నాడు.

"ముసలాయన లెక్క సరిగ్గానే ఉందిగా. ఆ పిల్లకి చెప్పెయ్," అన్నాను.

"చివర ఇంకా రెండు గడులున్నాయి."

ఆ రెండు గడుల్లో దాదాపు అందరికీ సున్నాలే. నూట పన్నెండు మందికి మాత్రం ఏదో సంఖ్య ఉంది. వాళ్ళలో కొజబెక్ ఒకడు.

"అది చెత్తక్కా. పాత డిస్కు, చెడిపోయుంటుంది."

"సాబిత్, చలిలో గుర్రమేసుకుని తిరిగి ఇంతమందిని పోగేసినవాడు చెత్త దాచిపెడతాడా? నీ కొట్టనుకున్నావా?"

కొండల మీద మంచు పడింది. రేపో మాపో ఊళ్ళోకి దిగుతుంది. ఆ సంఖ్యలూ మనుషుల వరస సంఖ్యలేనని అక్క కనిపెట్టింది. ప్రతిచోటా అది ఆ మనిషి అన్నగారి సంఖ్యే. తమ్ముడి పేరు పక్కన పనిగట్టుకుని అన్న సంఖ్య ఎందుకు రాస్తాడో అంతుపట్టలేదు. ఒక మధ్యాహ్నం గోడ అవతల తిట్లు ఆగిపోయాయి. నాకు భయమేసి తొంగిచూశాను. కాగితాల మధ్య కూర్చుని ఉంది.

"మా బల్జాన్ నన్నేమని పిలుస్తుందో తెలుసుగా?" అంది.

బజారంతటికీ తెలుసు. తొలిచూలు బిడ్డ తాతానాయనమ్మలదని మా ఆచారం. అక్క తొలికూతురు బల్జాన్‌ని పుట్టగానే అత్తగారు తీసుకుని తన బిడ్డగా పెంచుకుంది. కన్నవాళ్ళు నోరెత్తకూడదు. ముప్ఫై అయిదేళ్ళ బల్జాన్ కన్నతండ్రిని "అన్నా" అనీ, కన్నతల్లిని "వదినా" అనే పిలుస్తుంది.

"ఈ గడిలో ఉన్నది అన్న కాదురా. కన్నతండ్రి," అంది అక్క. "కొజబెక్ తాత తండ్రనుకుంటున్నాయన ఆయనకి తాత. జారిపోయిన మెట్టు ఇదే."

తొగ్జాన్‌కి చెబుదామని ఫోను తీశాను. అక్క లాక్కుంది. "ఆ ఇంటి గోడకి మాస్టారు అచ్చుతీసిచ్చిన వంశపటం ఉందట. దాన్లో ఇది లేదు. ఎవరో నమ్మి చెప్పిన మాట గనకే దాచాడు. ఆ పెద్దాయన కంటే ముందు ఇంకొకరికి చెప్పడానికి మనమెవరం?"

నాకు సిగ్గేసింది. మర్నాడు నా కారులోనే వెళ్ళాం.

కొజబెక్ కోడలు పాల టీ పోసింది, మర్యాదగా అరకప్పు. అక్క మడతపెట్టిన కాగితం తీసి ముసలాయన ముందు పెట్టింది.

"తాతా, మీ పేరు పక్కన మాస్టారు ఒక పేరు దాచాడు. ఆ పిల్లకి కూడా మేం చెప్పలేదు. చదువుకుంటారో, పొయ్యిలో వేస్తారో మీ ఇష్టం."

"కప్పు నిండా పొయ్యమ్మా," అన్నాడాయన కోడలితో. మా వాళ్ళలో నిండు కప్పు పోశారంటే ఇక లేవండని అర్థం. నేను లేచాను. అక్క లేవలేదు.

ముసలాయన కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కాగితం విప్పాడు.

"సెర్గజీ," అన్నాడు. "మా అన్న. యుద్ధానికెళ్ళి మళ్ళీ రాలేదు. నాకప్పుడు నాలుగేళ్ళు. వెళ్ళేరోజు నన్ను గుర్రమెక్కించి చూస్తూ నిలబడ్డాడు. అన్న అంతసేపు ఎందుకు చూశాడా అనుకునేవాణ్ణి." కాగితం మోకాలి మీద పరిచి సాపు చేశాడు. "పన్నెండేళ్ళప్పుడు ఒక చావింట్లో ఆడవాళ్ళ మాట చెవినపడింది. విననట్టే ఊరుకున్నా. పెంచినాయన ఎదురుగా ఉండగా ఇంకొకర్ని నాన్నంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఆయన పోయాక ఇక అలవాటైపోయింది."

ముసలాయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"అల్దియార్ తండ్రి మరాల్‌బాయ్. మరాల్‌బాయ్ తండ్రిని నేను. నా తండ్రి..." మడిచిన వేలు విప్పి, మళ్ళీ మడిచాడు. "నా తండ్రి సెర్గజీ."

మిగతా పేర్లు గబగబా చెప్పేశాడు. బోత్‌బాయ్ ఎనిమిదో వేలు మీదికి వచ్చాడు. గుమ్మం దగ్గర కోడలు తలగుడ్డ అంచుతో కళ్ళొత్తుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

"నీకిదెలా తట్టిందమ్మా?" అని అడిగాడు ముసలాయన.

"మా పెద్దది నన్ను వదినా అంటుంది తాతా."

"మీ అత్తగారున్నారా?"

"పోయి ఆరేళ్ళయింది."

"మరి ఎవరికోసం ఆగుతున్నావ్?"

చచ్చిపోయినవాడి అంకెల చేత మాట్లాడించిన మనిషి చల్లారిన నిండు కప్పు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

నెల తిరిగేసరికి పెళ్ళయింది. ఉల్మెకెన్ అక్క వెంట ఒకావిడ వచ్చింది. ఎవరని తొగ్జాన్ అడిగితే, "మా పెద్దమ్మాయి," అంది అక్క. బల్జాన్ అక్క వైపు చూసింది, కాదనలేదు.