మా అయ్యవారు తాగలేదు

మా బడి అయ్యవారు పోయిన శుక్రవారం ఉదయం కన్నుమూశారు. నాకెవరూ కబురు చెప్పలేదు. ఎదురింట్లోంచి ఆయన భార్య ఏడుపు వినిపించింది, అంతే. నాలుగు రోజుల తర్వాత యర్రగొండపాలెం బస్సులో పక్కన కూర్చున్న ఒక తెలిసినామె అడిగింది: "మీ పల్లెలో తాగుబోతు అయ్యవారు పోయినాడంటగా వదినా? ఆ సారానే మింగేసినట్టుందిలే."

"పోయినాడమ్మా" అన్నాను. బస్సు దిగి ఇంటికి నడిచినంతసేపూ ఆ మాటే నన్ను తినేసింది. ఆయన తాగలేదు. ఆయన తాగుతారని పల్లెకు మొదట అనిపించింది నా మాట వల్లనే. ఉత్తరాలు తప్ప ఏమీ రాయనిదాన్ని, మన తాలూకా క్రైస్తవ సంఘాల్లోని అక్కచెల్లెళ్ళ కోసం కలం పట్టడానికి కారణం ఇదే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఆయన మా పల్లె మిషను బడికి వచ్చారు. అప్పటికి ముప్పై నిండలేదు. పిల్లలు గొర్రెల వెంట వెళ్ళిపోతారని, పొద్దున్నే దొడ్ల దగ్గరికి పోయి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తెచ్చేవారు. పలక మీద తప్పు రాసి బిక్కమొహం వేసిన పిల్లను చూస్తే, "తుడిచి మళ్ళీ రాయి. అంతేగానీ ఏడవమాక. కళ్ళనీళ్ళతో తుడిస్తే పలక పాడైతది" అనేవారు. బెత్తం ఉండేది గాని దానితో దూలం మీది ఉడతలను తోలడమే చూశాను. నేను హైస్కూలు దాకా చదివానని నా దగ్గర మిషను పత్రికలు తీసుకువెళ్ళి, మడత నలగకుండా తెచ్చిచ్చేవారు. నన్ను అక్కా అని పిలిచేవారు.

రెండేళ్ళకు ఆయనకు ఒక కన్ను మసకబారింది. నెలన్నరకు దానంతటదే తేటపడింది. ప్రార్థన చేశాము, దేవుడు విన్నాడు అనుకున్నాము. మరుసటి ఎండాకాలం కాళ్ళు పట్టు తప్పాయి. పొద్దున తిన్నగా నడిచి బడికి వెళ్ళే మనిషి మధ్యాహ్నం అన్నానికి వచ్చేటప్పుడు తూలేవారు. మాట ముద్దగా వచ్చేది. మా వసారాలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. సర్కారు సారాను నిషేధించింది గాని, అడవి అంచు పల్లెల్లో అది కాయని చోటెక్కడ?

ఆ నెల ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చే ఆదివారం ఆయన చేతిలోని గిన్నె వణికి ద్రాక్షరసం బల్ల మీది తెల్లగుడ్డ మీద ఒలికింది. ఆరాధన ముగిశాక సంఘపెద్ద నన్ను పిలిచారు. ఆయన నా భర్తకు అన్న, మా బావగారు.

"ఎదురింట్లో ఉండేదానివి నువ్వు. ఏంది సంగతి?"

"పొద్దున బాగనే పోతాడు బావగారూ. మధ్యాహ్నానికి తూలుతాడు."

"అంటే నడుమన యాడికో పోయొస్తాండాడు."

"వాసనైతే రాలేదు."

"యాలక్కాయ నమిలితే వాసన యాడిదమ్మా?"

నేను చూసిందే చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటి లేదు. ఇన్నేళ్ళూ ఆ మాటతోనే నన్ను నేను ఓదార్చుకున్నాను.

మరుసటి ఆదివారం మిట్టమధ్యాహ్నం, బడి ముందర బావగారు సుద్దతో నేల మీద పొడుగ్గా గీత గీశారు. తాగనివాడు దాని మీద నడుస్తాడు, నడవమన్నారు. పల్లె మొత్తం నిలబడి చూసింది. అయ్యవారు చెప్పులు విడిచి, కాలే నేల మీద ఆరడుగులు వేశారు. ఏడో అడుగుకు పక్కకు పడ్డారు. పిల్లలు నవ్వారు. ఆయన మోకాళ్ళ మీద లేచి, "పొద్దున రమ్మంటే నడిచేటోణ్ణి మామా" అన్నారు. దానికింకా నవ్వారు.

"పొద్దున సారా దిగుంటది గద!" అన్నారెవరో.

ప్రభువు బల్ల నుంచి ఆయన్ను ఆపేశారు. సంస్కారం ఇచ్చేటప్పుడు ఆయన వెనక బెంచీలో కూర్చోవాలి, గిన్నెల పళ్ళెం ఆయన్ను దాటిపోవాలి. ఆ పళ్ళెం ఆడవాళ్ళ వైపు నుంచి వెనక బెంచీ మీదుగా తీసుకుపోయేది నేనే. ఆయన ముందు నుంచి పోయేటప్పుడు నేల చూసి నడిచేదాన్ని.

వానలు పడి చల్లబడ్డాక ఆయన కాళ్ళు బాగయ్యాయి. సంఘమంతా సంబరపడింది. శిక్ష పనిచేసిందన్నారు. సభలో లేచి తాగానని ఒప్పుకుంటే ఆ రోజే బల్లకు పిలుస్తామన్నారు. నేను కూడా వెళ్ళి బతిమాలాను.

"ఒక్క మాటే గదయ్యా. అనేస్తే పోతది."

"చెయ్యని పాపం చేసినానని దేవుని ముందర చెప్పి, ఆ నోటితోనే ఆ గిన్నె తాగమంటావా అక్కా?" అన్నారు.

మళ్ళీ ఎండలొచ్చాయి. ఈసారి కాళ్ళు పూర్తిగా పోయాయి. "మళ్ళా మొదలుపెట్టినాడు" అంది పల్లె. బడి పోయింది. ఆయన భార్య మిరప చేలకు కూలికి వెళ్ళింది. తెల్లారకముందే ఆయన్ను వీపున వేసుకుని చెల్క వైపు బహిర్భూమికి తీసుకుపోయి, మళ్ళీ తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, అప్పుడు పనికి పోయేది. ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలే ఆయన అరుగు ముందు అయ్యవారి నడక అని ఆట ఆడేవారు. ఒకరోజు విన్నాను, ఆయన వాళ్ళను దిద్దుతున్నారు: "ఎడమ కాలు కాదు రా, కుడిది ఈడ్వాల. ఏదీ, మళ్ళీ నడువు."

ఆమె మెడలోనిది అమ్మి, ఆయన్ను రైలెక్కించి దక్షిణాదిలో ఒక పెద్ద మిషను ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. అక్కడి డాక్టరు ఆయన్ను వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చూశాడట. కాసేపటికే చేతులు పట్టు తప్పి, చూపు మసకబారిందట. ఒంటికి వేడి తగిలితే ఈ జబ్బు ఎక్కువై, చల్లబడితే తగ్గుతుందట. డాక్టరు ఇంగ్లీషులో కాగితం రాసిచ్చాడు. పల్లెలో ఇంగ్లీషు చదవగలదాన్ని నేనొక్కదాన్నే గనుక, సంఘం ముందు నన్ను చదవమన్నారు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అని చదివాను. నరాల మీద ఉండే పొర దెబ్బతింటుంది, వస్తుంది, తగ్గినట్టుంటుంది, మళ్ళీ వస్తుంది, దీన్ని నయం చేసే మందు ఇంకా లేదు అని తెలుగులో చెప్పాను.

బావగారు అంతా విని, "సారాకు ఇంగ్లీషు పేరు పెట్టుకొచ్చినావా అయ్యవారూ!" అన్నారు.

అందరూ నవ్వారు. కాగితం చేతిలో ఉన్నదాన్ని, నేనూ నవ్వాను. అయ్యవారు నావైపు చూశారు. ఆ కాగితం నేను మళ్ళీ ఒకసారి గట్టిగా చదివి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చదవలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు బతికారు. చివరకు గుటక కూడా పడేది కాదు. బల్ల దగ్గరికి రాకుండానే పోయారు.

ఎవరికైనా వయసులో ఉండగానే కన్ను మసకబారి మళ్ళీ తేటపడితే, కాళ్ళు తిమ్మిరెక్కితే, మాట ముద్దగా వస్తే, ఎండకు తూలి నీడకు తేరుకుంటే, వాళ్ళ నోటి వాసన చూడకండి. డాక్టరు దగ్గరికి పంపండి. అది అంటుకోదు, దయ్యం గాలి కాదు, చేతబడి కాదు, నాటకం కాదు. తగ్గినప్పుడు దొంగ దొరికాడనుకోకండి. ఈ నాలుగు మాటలు నోటితో పదిమందికీ చెప్పండి. ఈ కాగితాలు మాత్రం ఎవరికీ చూపకుండా దాచి ఉంచండి. ముఖ్యంగా ఆయన భార్య కంట పడనివ్వకండి. నా ఏడుపు కూడా మోయాల్సిన పని ఆమెకు లేదు.

ఆయన పోయిన ఆ శుక్రవారం మధ్యాహ్నం బావగారు పెద్దలను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళారు. "అమ్మా, సంఘం ఆయన్ను క్షమించింది. సంఘం సమాధుల దొడ్లోనే పెడదాం" అన్నారు.

ఆమె ఏడుపు ఆపింది. "ఆయన మిమ్మల్ని క్షమించినాడో లేదో ఎవురన్నా అడిగినారా మామా?" అంది. గుమ్మంలోంచి పక్కకు జరిగి, "నలుగురు మొయ్యాల. మొయ్యండి. మాటలొద్దు" అంది.

మోసినవాళ్ళలో బావగారు ఒకరు. సమాధి దొడ్డికి దారి ఎగువకు, అన్నీ పలుగురాళ్ళు, చెట్టు నీడ లేదు. ఎండ నడినెత్తిన ఉంది. భుజం మీది శవపెట్టె బరువుకు బావగారి కాళ్ళు తడబడ్డాయి. ఒకసారి ఎడమకు తూలారు, ఇంకో పది అడుగులకు కుడికి. వెనకాలున్న మనిషి కూడా తూలాడు. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. మేమంతా వెనకే నడిచాము. పిల్లలు కూడా ఉన్నారు. ఎవ్వరూ నవ్వలేదు.