మిషనక్క వెయ్యమంది

ఆ వీధిలో చొక్కాలు, గౌన్లు కుట్టే ఆవిడను అందరూ మిషనక్క అంటారు. నోరు పెద్దది, పని నికార్సైనది. ఆవిడ కుట్టుకు వంక పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు, పుట్టినా ఆ గుమ్మం క్షేమంగా దిగడు.

కొడుకు పుట్టినప్పుడు, నొప్పులు తెలియకుండా ఉండటానికని ఆవిడ వెన్నులో సన్నని గొట్టం పెట్టారు. అందులోకి మత్తుమందు వెళ్లాలి. చూడటానికి ఒకేలా ఉన్న రెండు సీసాలు ఒకే ట్రేలో ఉండటంతో వేరే మందు వెళ్లింది. నరాలు దెబ్బతిన్నాయి. బిడ్డ బంగారంలా ఉన్నాడు గానీ, ఆవిడ కుడికాలు మోకాలి కింద మొద్దుబారిపోయింది. సీసాలు ఒకేలా ఉండటంతో పొరపాటైందన్నారు ఆస్పత్రి పెద్దలు.

"నల్లదారం, ముదురు నీలం దారం ఒకే పెట్టెలో ఉంటే నేనూ తప్పు కుడతాను. అందుకే ఉంచను" అని వాళ్ల ముఖం మీదే అనేసింది. చేతికర్రతో ఇంటికొచ్చి, ఎడమకాలితోనే మిషను తొక్కడం నేర్చుకుంది. జాలిపడటానికి వచ్చినవాళ్ల చేత గుండీలు కుట్టించింది.

ఇప్పుడు చెల్లెలికి నొప్పులొచ్చాయి. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క ఆస్పత్రే.

"నువ్వు వెయ్యమంటేనే ఆ మత్తుసూది వేయించుకుంటానక్కా" అంది చెల్లెలు, మెలికలు తిరుగుతూ. చెల్లెలి మొగుడు ఎటూ తేల్చుకోలేక గోడకు ఆనుకున్నాడు.

మిషనక్క ఆలోచనలో పడింది. వద్దంటే చెల్లెలు నరకం పడుతుంది. వెయ్యమన్నాక ఏదైనా అయితే, చేజేతులా తనే చేసినట్టు. అయినా ఆవిడ బెంబేలెత్తే రకం కాదు.

మత్తు డాక్టరమ్మ ట్రే తెచ్చింది. అందులో ఒక్కటే మందు సీసా ఉంది. డాక్టరమ్మ దాని పేరు పైకి చదివింది, నర్సు మళ్లీ చదివింది.

"మీకు అలా జరిగినప్పటి నుంచి ఇలాగే చేస్తున్నామమ్మా" అంది డాక్టరమ్మ.

"బతికించారు. ఇటివ్వండి, నేనూ చూస్తాను." మిషనక్క సీసా మీది పేరు కూడబలుక్కుంటూ చదివింది. "ఇక వెయ్యండి."

ఆడపిల్ల పుట్టింది. అందరూ పిల్ల చుట్టూ మూగారు. మిషనక్క మాత్రం చెల్లెలి కాళ్ల దగ్గర కుర్చీ వేసుకుంది. మత్తు దిగడానికి ఇంకా టైముందని నర్సు చెప్పినా కదల్లేదు. పాదం గిల్లింది. చెల్లెలికి తెలియనే లేదు. కాసేపాగి మళ్లీ గిల్లింది. అప్పుడూ అంతే. అంత భయం మిషనక్క తన కాలు పోయినప్పుడు కూడా పడలేదు.

ఇంకాసేపటికి గట్టిగా గిల్లేసరికి చెల్లెలు చటుక్కున కాలు లాక్కుంది.

"అబ్బా, ఏంటక్కా ఆ గిల్లుడు" అని కసిరింది.

మిషనక్క కళ్లు నిండాయి. తుడుచుకోకుండానే, "రెండోదీ ఇటు పెట్టు" అంది.