చాటలో పరిచిన పుర్రెలు

ముందు పోయినవి చెబుతాను. సోమందేపల్లి దగ్గర మా చేనును ఆనుకుని రాళ్ల గుట్ట ఒకటి ఉంది. దాని మీద నాకు తెలిసినంతలో పోయినవి: కొమ్ముల గుడ్లగూబ గుడ్లు నాలుగు, పిల్లలు మూడు, పెద్ద ఆడపక్షి ఒకటి. మొత్తం ఎనిమిది. గూబ అరిస్తే ఇంట్లో చావు తప్పదని జనం రాళ్లతో కొట్టారు. మిగిలిన మగపక్షి రెండేళ్లు ఒంటరిగా బండ మీద కూర్చుంది. మూడో ఏట ఎక్కడి నుంచో ఇంకో ఆడపక్షి వచ్చింది. బండ సందులో, గూడు కూడా కట్టకుండా ఒట్టి నేల మీదే గుడ్లు పెట్టి, రెండు పిల్లల్ని చేసింది.

అప్పుడే పక్క చేను రైతువి కోడిపిల్లలు ఆరు పోయాయి. అతను కట్టె, గోనెసంచి పట్టుకుని గుట్ట ఎక్కబోతుంటే ఎదురు నిలబడ్డాను.

“యాడికి పోతాండావప్పా?”

“ఆ గూబ పిల్లల్ని దించేకి. నువ్వేమక్కా, వాటికి మేనత్తవా?”

“నాలుగు దినాలు ఆగు. అది ఏం తింటాందో లెక్క తీసి చూపిస్తా. నీ కోడిపిల్ల ఒక్కటి తేలినా నేను అడ్డం రాను.”

గుడ్లగూబ అరగని బొచ్చును, ఎముకలను ఉండలుగా కక్కేస్తుంది. బండ కింద అలాంటివి ఇరవై ఆరు ఏరుకొచ్చాను. నీళ్లలో నానబెట్టి, పిన్నుతో విడదీసి, దొరికినవన్నీ చాటలో పరిచాను. ఎలుక పుర్రెలు నలభై ఒకటి. తొండలవి మూడు. ఆఖరి ఉండలో చిన్న కోడిముక్కు ఒకటి తేలింది.

పారేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఒకటి దాచిన లెక్క లెక్క కాదు. దాన్ని చాట మధ్యలో పెట్టి అతనికి చూపించాను.

“ఇది నీదే.”

అతను ముక్కును చూశాడు. పుర్రెలను వేలితో రెండుసార్లు లెక్కపెట్టాడు. వేరుశెనగ పంట పీకాక కాయల కోసం ఎలుక బొక్కలు తవ్వడం అతనికి కొత్త కాదు.

“ఒక్కో బొక్కలో సేరు శెనిక్కాయలు దాస్తాయి గదక్కా ఇవి! నలభై ఒకటంటే మన చేన్లు ఏం మిగులుతాండె? తక్కిన అయిదూ ఏ పిల్లి నోట్లో పడినాయో.” గోనెసంచి భుజాన వేసుకున్నాడు. “పో, నీ మేనల్లుళ్లు బతికిపోయినారు.”

ఆ రెండూ ఎగిరాయి. మరుసటి సంవత్సరం మూడు, ఈ సంవత్సరం రెండు. ఏడింటినీ కళ్లారా చూశాను. ధర్మవరం నుంచి చుట్టాలొస్తే ఇప్పుడు అతనే గుట్ట దగ్గరికి తీసుకెళ్లి “మా గూబలు” అని చూపిస్తాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పొంగుతుంది.

మా కోడి పొదిగినప్పుడు ఒక పిల్లను తీసుకెళ్లి ఇచ్చాను. తీసుకోలేదు. “ఎలికల్లో తీరిపోయిందిలే అక్కా” అన్నాడు. అది అతని లెక్క. నా లెక్కలో అతనికి ఇవ్వాల్సింది ఇంకా ఉంది: కోడిపిల్ల ఒకటి.