పక్కాయన అట్ట మీద నా మూడు పదులు

ఆ వయసులో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, పొద్దున్నే లేస్తే చాలు. అడిలైడ్‌లో మాసన్ లేక్స్ క్యాంపస్‌లో చదువుకుంటూ, వారానికి మూడు సాయంత్రాలు రైఫిల్ క్లబ్బులో బోర్లా పడుకుని, యాభై మీటర్ల అవతల అట్ట మీదున్న చుక్కని కొట్టడం నా పని. సరిగ్గా మధ్యలో తగిలితే పది. ఈ ఆటకి కావలసింది చల్లటి బుర్రా, నింపాదిగా కొట్టుకునే గుండే. నా దగ్గర ఆ రెండూ తప్ప అన్నీ ఉండేవి (తోలు కోటు, చేతి పట్టీ, గుండు ఎక్కడ తగిలిందో చూసుకునే టెలిస్కోపు, వీటన్నిటికంటే బరువైన పొగరు).

ఆ ఏడు రాష్ట్ర జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. ఎంపిక పోటీ రోజున "నాన్నా, వస్తే మీరొక్కరే రండి" అని మరీ మరీ చెప్పాను. ఆయన ఒక్కరే వచ్చారు. కాకపోతే ఆయన కారు వెనకాల ఇంకో మూడు కార్లొచ్చాయి. పులిహోర గిన్నె, మడత కుర్చీలు, పిల్లలూ దిగారు. "మా అమ్మాయి ఆస్ట్రేలియాకి ఆడబోతోంది" అని ఆయన అప్పటికే తెలుగువాళ్ళందరికీ చెప్పేసి ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ (మా ఇంట్లో ఆవిడ పేరు ఎంక్వయిరీ ఆంటీ) నేను కోటు బిగించుకుంటుంటే వచ్చి, "పడుకుని ఆడే ఆటా అమ్మా ఇది? మావాడు ఇంట్లో డైలీ ఇదే ఆడతాడు" అంది. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి.

అయినా పళ్ళు బిగబట్టి మొదలుపెట్టాను. ఇక మూడు గుళ్ళే మిగిలాయి, చోటు నాదే అన్నంతగా బాగా పడుతున్నాయి. అప్పుడు వెనకనుంచి నాన్న గొంతు: "ఊపిరి బిగబట్టు అమ్మలూ! గాలి ఎడమనుంచి!" పోటీ నడిపే ఆఫీసరు "క్వైట్ ప్లీజ్" అన్నాడు. నాన్న ఆయనకి గాలి సంగతి వివరించడం మొదలుపెట్టారు. ఆంటీ "ఆయన ఇంజనీరండీ, వినండి" అంది. కోపంతో కళ్ళు మసకబారాయి. విసురుగా ఒళ్ళు సర్దుకుని, టెలిస్కోపు వంక కూడా చూడకుండా మూడు గుళ్ళూ వరసగా పేల్చేశాను. మూడూ పదులేనని వేలికి తెలిసింది. పదులే. నా అట్ట మీద కాదు, పక్కాయన అట్ట మీద.

ఆ పక్కాయనకి నేను పెట్టుకున్న పేరు గొర్రెల తాత. గొర్రెల ఫారం అమ్మేసి ఊళ్ళోకి వచ్చిన డెబ్బై ఒక్కేళ్ళ పెద్దమనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఆ జట్టుకోసం ప్రయత్నిస్తూ అందుకోలేకపోయినవాడు. "నాకు మూడు చిల్లులు ఎక్కువున్నాయి" అని చెయ్యెత్తాడు. ఏవి ఎవరివో తేల్చలేకపోతే మంచివి ఆ అట్ట ఎవరిదో వాళ్ళకే ఉంచాలని రూలు. నా పదులు ఆయనకి, మూడు సున్నాలు నాకు. జట్టులో చోటు కూడా ఆయనకే.

గ్లవ్ నేలకేసి కొట్టాను. అందరి ముందూ "మీవల్లే! అంతా మీవల్లే!" అని నాన్న మీద అరిచాను. ఆయన చేతిలో పులిహోర ప్లేటు అలాగే ఉండిపోయింది. ఈలోగా తాత ఆఫీసరు దగ్గరకెళ్ళి, ఆ చోటు తనకొద్దని చెప్పాడు. అది విని ఆయన మీదకీ వెళ్ళాను. "నా మీద జాలి పడక్కర్లేదు!"

"జాలా?" ఆయన మొహం కందగడ్డయింది. "ముప్ఫై ఏళ్ళకి మొదటిసారి సెలెక్ట్ అయ్యాను, అమ్మాయ్. అదీ నీ గుళ్ళతో! ఇంక నిజంగా గెలిచినా ఎవరు నమ్ముతారు? కోపం నీకొక్కదానికే వస్తుందనుకున్నావా?"

నేను వంగి గ్లవ్ తీసుకున్నాను. చివరికి ఆ చోటు, స్కోరులో తాత తర్వాత నిలిచి, ఈ గొడవంతసేపూ మూలన కూర్చుని యాపిల్ తింటున్న ఒక నర్సుకి దక్కింది. పాపం ఆవిడకి ఏం జరిగిందో కూడా తెలీదు.

ఇంటికి నాన్న కారులోనే బయల్దేరాను. సగం దారిలో ఆయన మెల్లిగా, "మూడూ పదులేనా?" అన్నారు. "పదులే. పక్కాయన దాంట్లో." "పడ్డాయి కదా!" అన్నారాయన, సిగ్నల్ దగ్గర స్టీరింగ్ చరిచి. ఆ ఒక్క మాటకి ఆయనతో నెల్రోజులు మాట్లాడలేదు నేను. తాతకి మాత్రం ఆ వారమే సారీ చెప్పాను. "ముందు నీ అట్ట నంబరు చూసుకోవడం నేర్చుకో" అన్నాడు, ఇంకా కోపంగానే.

తర్వాత రెండేళ్ళు రాష్ట్రానికి ఆడాను. ఆస్ట్రేలియాకి ఎప్పుడూ ఆడలేదు. ఇప్పుడు ఆఫీసు లేని ఆదివారాలు క్లబ్బుకెళ్ళి పడుకుంటాను. వెనకాల ఎవరు ఏం మాట్లాడుకున్నా ఒళ్ళు మండదు, గుండె గోడగడియారంలా కొట్టుకుంటుంది, నిదానంగా పేలుస్తాను. తొమ్మిదులు పడతాయి. తొమ్మిదంటే తక్కువేం కాదు. కానీ ఎర్రబడ్డ మొహంతో, కన్నూమిన్నూ కానకుండా పేల్చిన ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. ఎంత తప్పుగా కాల్చింది! ఎంత బాగా కాల్చింది!