మోగని చెక్క

వంటింటి అల్మరా కోసం మొన్న గుంటూరులో ప్లైవుడ్ కొట్టుకు వెళ్లాను. అప్పుడే కోసిన చెక్క పొట్టు వాసన, జిగురు వాసన కలిసి ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే ఒక పలకను వేలి కణుపుతో కొట్టింది. చెవి ఆనించి విన్నాను. కొట్టాయన వింతగా చూశాడు. ఈ అలవాటు నాకు సుభానీ గారు అంటించి పోయారు.

మార్టూరులో ఆయన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కు నేను మేనేజర్ని. రోజంతా రాళ్ల కోత రొదలో ఉండే ఆ మనిషికి ఇంటికెళ్తే కావలసింది ఒకే ఒక్క గొంతు. ఆయన భార్య కరీమా గారు పెళ్లికి ముందు ఒక నాటక బృందంతో కలిసి గ్రామఫోన్ రికార్డుకు కోరస్ పాడారట. ఆవిడ పోయాక ఆ గొంతు అందులోనే మిగిలింది. ఎక్కడెక్కడో తిరిగి రికార్డు తిప్పే పాత టర్న్‌టేబుల్ మోటారూ, పళ్లెమూ, ముల్లూ సంపాదించారు. వాటిని బిగించడానికి దిమ్మ కావాలి.

"మన ఊళ్లో రాయుండగా చెక్కెందుకయ్యా?" అని నల్లరాయి కోయించారు. మార్టూరు వాళ్లం కదా, దేనికైనా రాయే మేలనుకుంటాం. తీరా ముల్లు పెడితే మోటారు గుర్రు రాయిలోంచి ముల్లుకెక్కి కోరస్‌ను మింగేసింది. రాయిని కొట్టి చూశారు. ఖంగుమంది.

"ఇది తనే పాడుతోంది. ఇంక కరీమానేం పాడనిస్తుంది?" అన్నారు. ఆ ముఖం చూడలేకపోయాను.

ఇక కొట్టు కొట్టూ తిరిగాం. మామూలు ప్లై లోపల ఖాళీలుండి డొల్లగా పలికేది. చివరికి పడవలకు వాడే, పొరలు దట్టంగా ఉన్న మెరైన్ ప్లై దొరికింది. కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. "చూశావా, నోరు మూసుకుంది" అని మురిసిపోయారు. దాన్ని ముక్కలుగా కోయించి, ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి, ఆరేదాకా పైన ఆ నల్లరాయినే బరువుగా పెట్టారు. "పాపం, దానికీ ఓ పనుండాలిగా" అన్నారు.

ముల్లు దించే రోజు నన్నూ రమ్మన్నారు. గుర్రు లేదు. కోరస్ మొదలవుతుండగా అందరికన్నా ఒక్క క్షణం ముందే ఒక సన్నటి గొంతు అందుకుంది.

"ఆగవే, తొందరేంటి" అన్నారాయన రికార్డుతో. అని ఏడ్చారు. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

నాది పెద్ద నోరు. ఇప్పుడు ఎవరైనా మెల్లగా మాట్లాడుతుంటే ఆ రాయి గుర్తొచ్చి ఊరుకుంటాను. సుభానీ గారు పోయాక వాళ్లమ్మాయి ఆ టర్న్‌టేబుల్‌ను, రికార్డును నాకే ఇచ్చింది. అప్పుడప్పుడూ పెట్టుకుంటాను. నేనెన్నడూ చూడని ఆవిడ ప్రతిసారీ ముందే అందుకుంటారు.

"ఆగండమ్మా, తొందరేంటి" అంటాను. ఆ మాట అనడానికి ఇప్పుడు నేనే మిగిలాను.